తలుపు దాకా చెప్పిన గొంతు

అక్కా,

ఈసారి ఉత్తరం ఆలస్యమైంది. నువ్వు తిట్టుకుంటూనే ఉండుంటావు. సాయంత్రం ఇంటికొచ్చి కలం పట్టుకుంటే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఫోన్‌లో రెండు ముక్కలు పంపిస్తే సరిపోదా అనిపిస్తుంది. ఆ మాటంటే నువ్వు ఊరుకోవు. ఫోన్‌లో రాస్తే నేను సగం చదివి, ఒక నవ్వు బొమ్మ పడేసి చేతులు దులుపుకుంటానని కదా నీ గొడవ. అందుకే ఈ కాగితం. పక్కన మీ మరిది తొంగిచూసి, "అక్కకేనా? ఎదురుగా ఉంటే నాలుగు మాటలు మాట్లాడవు, కాగితం మీద మాత్రం గడగడా వచ్చేస్తాయి" అంటున్నాడు. విననట్టు రాసుకుపోతున్నాను.

మా లైబ్రరీలో డీవీడీలన్నీ తీసేసి, సినిమాల్ని కుదించి కంప్యూటర్‌లో ఫైళ్ళుగా పెట్టుకుంటున్నామని చెప్పాను కదా. ఆ పని మొత్తం నా నెత్తిన పడింది. కింద అంతస్తులో కిటికీ లేని గది, రొద పెట్టే పాత కంప్యూటర్లు, అట్టపెట్టెల నిండా డిస్కులు. డిస్కు పెట్టు, ఫైలు చెయ్యి, డిస్కుని గోతంలో వెయ్యి. నెలాఖరుకి తుక్కువాళ్ళ బండొచ్చి గోతాలు పట్టుకుపోతుంది. పిల్లలు బిస్కెట్లు తిన్న చేతులతో పట్టుకున్నవి కొన్ని, ఎవరో మహానుభావులు టీ కప్పు కింద పెట్టుకున్నవి కొన్ని. తుడిచి తుడిచి నా బొటనవేలు మొద్దుబారింది. ఇంటికొచ్చాక కూడా చెవుల్లో ఆ ఫ్యాన్ల హోరే.

బొమ్మతో పేచీ లేదు. తలనొప్పంతా చప్పుడుతోనే. ఒక్కో సినిమాకి మూడు నాలుగు ఆడియో ట్రాకులుంటాయి. అసలు మాటలది ఒకటి, వేరే భాషలోకి మార్చింది ఒకటి, దర్శకుడు తన గొప్పలు తనే చెప్పుకునేది ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే మొదటి ట్రాకు ఒక్కటే తీసుకుంటుంది. మిగతావి కావాలంటే మనమే ఒక్కోదానికి టిక్కు పెట్టాలి. మర్చిపోయామా, చడీచప్పుడూ లేకుండా పోతాయి. పోయాయని కూడా చెప్పదు. మా ఆఫీసరు మాత్రం ఒక సినిమాకి ఒక్క ట్రాకు చాలంటాడు. ఏం అడిగినా "జాగా లేదమ్మా" అనేస్తాడు కాబట్టి మేమంతా ఆయన్ని జాగా సారు అంటాం.

ఇక అసలు సంగతికొస్తాను. మొన్న రేవు సినిమా డిస్కు చేతికొచ్చింది. పడవ నడిపే తండ్రి, అలిగి వెళ్ళిపోయి ఏళ్ళ తర్వాత తిరిగొచ్చే కూతురు, అదే. నేను ప్రతి ట్రాకూ కాసేపు విని గానీ పని మొదలుపెట్టను. మెనూలో రెండోది నొక్కి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. "తెల్లవారుతోంది. రేవులో ఒక్కటే పడవ. ముసలి చేతులు తాడు విప్పుతున్నాయి" అని వినిపించింది.

నువ్వే. చూపు లేనివాళ్ళ కోసం తెర మీద జరిగేదంతా నువ్వు చెప్పిన ట్రాకు. నీ మాట పోయిన ఆ ఆపరేషన్ తర్వాత నీ గొంతు నా చెవిన పడడం అదే మొదటిసారి. నాకు బాగా గుర్తుందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏమీ గుర్తులేదు. మాట చివర నువ్వు కొంచెం ఊపిరి వదులుతావు, అది మర్చేపోయాను. భోజనానికి కూడా లేవకుండా విన్నాను. చివర్లో, "ఆమె తలుపు ముందు నిలబడింది. చెయ్యెత్తింది" అన్నావు. ఆ తర్వాత నువ్వు లేవు. డిస్కు పాడైందనుకుని తుడిచి, ఇంకో మిషన్‌లో పెట్టాను. అక్కడా తలుపు దగ్గరే ఆగిపోయావు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజుల్లోనే కదా నువ్వు దగ్గుతూ స్టూడియోకి తిరిగావు.

ఆ ట్రాకు ఉంచమంటావా? జాగా సారుని బతిమాలుకుంటాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు, ముందు నీ మాట కావాలి. నెలాఖరుకి బండొస్తుంది.

నీ మొద్దు

*

మొద్దూ,

ముందు జవాబు చెప్పేస్తాను. తీసెయ్.

ఆ డిస్కు నా దగ్గరా ఉంది. నేను ఆస్పత్రిలో ఉండగా కంపెనీవాళ్ళు ఇంటికి పంపారు. విడుదల తేదీ ముంచుకొచ్చిందట, ఉన్నంత వరకు వేసేశారట. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం పెట్టుకుని విన్నాను. తలుపు దగ్గర ఆగిపోయాను కదా, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నట్టుంది నాకు. దగ్గు తగ్గాక వారంలో వచ్చి మిగతాది చదివేస్తానని ఇంజనీరుకి చెప్పి వచ్చాను. వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసా కూడా అక్కడే వదిలేశాను, ఎలాగూ వస్తాను కదా అని. ఆ డిస్కుని మళ్ళీ ముట్టుకోలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అన్నం సయించట్లేదు, తెలుసా?

ఇంకో సంగతి. ఇంటికి వస్తానని నువ్వు రాసినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్తున్నాను. ఎందుకని నువ్వు ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే కోపమొచ్చేది, అడగనందుకూ కోపమొస్తోంది. నాతో వేగడం కష్టమే.

ఆస్పత్రివాళ్ళు మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. పెదాలు కదిపితే అది గరగరమంటూ మాట చేసి బయటికి తోస్తుంది. అందులో కోపం లేదు, నవ్వు లేదు, నేను లేను. నేర్చుకున్న కొత్తలో ధైర్యం చేసి, నాతో పాటు చదివిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. బాగున్నావా అన్నాను. "మాకేం వద్దండీ" అని పెట్టేసింది. ఏదో అమ్మేవాళ్ళు మిషన్‌తో చేయిస్తున్న ఫోననుకుంది పాపం. ఆ రోజు మీ బావ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వినా చప్పుడు రాదని అప్పుడు తెలిసింది. ఆ యంత్రం తీసుకెళ్ళి బట్టల అలమరలో పెట్టాను. ఇప్పుడు కొట్టుకెళ్ళినా, బ్యాంకుకెళ్ళినా నా బదులు మీ బావే మాట్లాడతాడు. పాపం, ఆయనా అలిసిపోయాడు. చీర కొనేటప్పుడు నాకు కావలసిన రంగు ఎప్పుడూ చెప్పలేడు.

నువ్వొస్తే నేనేం చెయ్యాలి చెప్పు. ఆ యంత్రం తియ్యాలి, లేదంటే నోరు మూసుకుని నీ మొహం చూస్తూ కూర్చోవాలి. రెండూ నా వల్ల కాదు. మనిద్దరిలో గలగలలాడేదాన్ని నేను. నువ్వు నోట్లో నాలుక లేని పిల్లవి. నేను మాట్లాడకపోతే మనిద్దరం ఒక గదిలో కూర్చుని ఏం చేస్తాం?

అందుకే చెప్తున్నాను. ఆ ట్రాకుకి టిక్కు పెట్టకు. నువ్వు కూడా మళ్ళీ వినకు. విన్నకొద్దీ ఆవిడే మీ అక్క అనుకుంటావు, ఇక్కడున్న నేనెవర్నో తెలియకుండా పోతుంది.

వేళకి తిను. బొటనవేలికి ఏదైనా రాసుకో.

అక్క

*

అక్కా,

నువ్వు తీసెయ్యమన్నావు. తీసేశాననే అనుకున్నాను. జరిగింది వింటే తల పట్టుకుంటావు.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఆ డిస్కు పెట్టాను. సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులు కనిపించాయి. రెండింటి పక్కనా ఒకటే భాష పేరు, ఇంకే గుర్తూ లేదు. అలాంటప్పుడు రెండూ విని చూసుకోవాలి. రోజూ అదే చేస్తాను. ఆ రోజు వినలేదు. వింటే నీ గొంతు వస్తుంది, వచ్చాక తీసెయ్యడానికి నాకు చెయ్యి రాదు. మెనూలో నువ్వు రెండోదానివి కదా అని, మొదటిదానికి టిక్కు ఉంచి, రెండోది వదిలేసి మీట నొక్కాను. డిస్కుని గోతంలో వేసి, వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆ డిస్కు తయారుచేసినవాడి దుంప తెగ, మెనూలో వరస ఒకటి, లోపల వరస ఇంకొకటి. లోపల మొదటిదానివి నువ్వే. అంటే నేను పోగొట్టింది మామూలు ట్రాకుని, ఉంచింది నిన్ను. అది కూడా ఆ ఒక్కటే. ఆ ఫైలు తిన్నగా పై అంతస్తుకి వెళ్ళిపోయింది, జనం కూర్చుని సినిమాలు చూసుకునే హాల్లోకి.

మొదట ఒక పెద్దమనిషి కస్సుబుస్సులాడుతూ దిగివచ్చాడు. "ఏమ్మా, తాడు విప్పుతున్నాడని నాకు కనపడుతోందిగా? కళ్ళున్నవాడికి కూడా పక్కన కూర్చుని చెప్పాలా?" అన్నాడు. క్షమించమని అడిగాను. పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. గోతం బోర్లించి డిస్కు వెతుక్కుంటూ ఉంటే ఇంకొకామె వచ్చింది. ఆస్పత్రిలో నర్సట, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే ముందు మా హాల్లో కాసేపు కూర్చుంటుందట. "ఇవాళ కళ్ళు మూసుకునే సినిమా మొత్తం చూశానండీ. అంత హాయిగా ఎప్పుడూ లేదు. చివర్లో ఆవిడ చెప్పడం మానేసిందేంటి?" అని అడిగింది. తెలియదన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఫోను తాతగారు వచ్చారు. ఆయన టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు, పుట్టుకతోనే చూపు లేదు. ఏళ్ళ తరబడి ఆ రేవు సినిమా డిస్కు ఇంటికి తీసుకెళ్ళి, ఇచ్చి, మళ్ళీ తీసుకెళ్ళడం ఆయనకి అలవాటు. షెల్ఫులో డిస్కులు లేవని తెలిసి, కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగి మా గదికి వచ్చారు.

"అమ్మాయ్, ఆ సినిమా పారేశారా?" అన్నారు.

"ఫైలు చేశామండీ" అన్నాను.

"అందులో ఆవిడ ఉందా?"

నేను కుర్చీ ముందుకి జరిపాను. ఆయన కుర్చీ తడుముకుని కూర్చున్నారు.

"ఉద్యోగమంతా గొంతుల మధ్యే గడిచింది నాకు. అలాంటి గొంతు తక్కువమ్మా. మనకి కనపడదని జాలిపడదు, తొందరపెట్టదు. నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత ఆ సినిమాలో ఒక్క మాట ఉండదు చూడు. తలుపు తీసిన చప్పుడు. నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. కుర్చీ లాగుతారెవరో. ఆఖర్న ఎవరో ఏడ్చినట్టుంటుంది, నవ్వినట్టూ ఉంటుంది. ఏమవుతుందమ్మా అక్కడ? తండ్రి రానిచ్చాడా, లేదా?"

"నేను చెప్పానుగా మామయ్యా" అంది కోడలు నీరసంగా. "ఏముంటుంది, ఊరికే కూర్చుంటారు."

"ఇదీ వరస" అన్నారాయన నావైపు తిరిగి. "ఎవర్నడిగినా ఇదే. ఆవిడకి ఎవరో ఏదో అని ఉంటారు. కోపమొచ్చి లేచి వెళ్ళిపోయి ఉంటుంది. నిన్నెవరైనా ఏమన్నా అన్నారా తల్లీ అని అడగాలనిపిస్తుంది."

ఆవిడ మా అక్కేనని నోటి దాకా వచ్చింది, మింగేశాను. నువ్వు చెప్పమనలేదు కదా.

జాగా సారు పైనుంచి అన్నీ విని వచ్చాడు. మంచివాడే, అరవలేదు. "చూపు లేనివాళ్ళ కోసమంటే రెండో ట్రాకు ఉంచుకోమ్మా, జాగా నేను చూస్తాను. కానీ పూర్తిగా ఉంటేనే. సగంలో తెగిపోయినదాన్ని మోసుకుని ఏం చేస్తాం? రేపు ఇంకొకాయన వచ్చి అక్కడేమైంది అంటే నువ్వు చెప్తావా, నేను చెప్తానా?" అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది?

అక్కా, నేను అలిసిపోయాను. ఆ గదీ, ఆ హోరూ, ఆ మెట్లూ, అన్నింటితో విసిగిపోయాను. ఇవన్నీ ఇంటికొచ్చి నీకు చెప్పుకుంటే, నువ్వు పెద్దగా నవ్వి, "మొద్దూ, నీకే ఎందుకే ఇలా జరుగుతాయి?" అంటే, నాకు సగం అలసట పోయేది. అది లేదు. నాకు నీ గొంతు కావాలి. కావాలనే అనుకుంటున్నాను, అబద్ధం ఎందుకు చెప్పడం? కానీ గొంతు లేకపోతే నువ్వు వద్దని నేనెప్పుడన్నాను? నువ్వే తలుపు వేసుకున్నావు. నేను బయట నిలబడి ఉత్తరాలు రాస్తున్నాను. నోట్లో నాలుక లేదన్నావుగా, ఇదిగో, ఇవాళ అనేశాను.

డిస్కు దొరికింది. నా సొరుగులో ఉంది. వచ్చే వారం గురువారం మామూలు ట్రాకు ఒక్కదానితో ఫైలు మళ్ళీ చేసి, దీన్ని గోతంలో వేసేస్తాను. నీ మాటే నెగ్గింది. ఈసారి విని మరీ తీసేస్తాను, పొరపాటు జరగదు.

నీ మొద్దు

*

మొద్దూ,

ఆగు. గోతంలో వెయ్యకు. ఈ కవరు లావు చూసి భయపడకు, ఉత్తరం కొంచెమే, మిగతావన్నీ వేరే కాగితాలు.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. బావ మీద అలిగాను. నీ మీదైతే ఇంకా కోపంగానే ఉంది, అది తర్వాత చూసుకుందాం. కోపం కొంచెం దిగాక ఆ ముసలాయన గుర్తొచ్చాడు. ఎవరో నన్ను ఏదో అన్నారనుకున్నాడా? ఇన్నేళ్ళూ నా తరఫున బాధపడ్డాడా? నేనేమో తలుపు దగ్గర నేనొక్కదాన్నే నిలబడిపోయాననుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. నాతో పాటు ఆయన్నీ అక్కడే నిలబెట్టేశానని తట్టనే లేదు.

బీరువా మీంచి డిస్కు తీయించి సినిమా పెట్టాను. తలుపు దగ్గర్నుంచి ఆఖరి దాకా ఆపి ఆపి చూశాను. ఏ చప్పుడు ఎక్కడ వస్తుందో చూసుకుని, దాని మీద మాట పడకుండా, ఖాళీ ఉన్న చోటే సరిపోయేలా రాశాను. అవే ఈ కాగితాలు. చదవాల్సింది నువ్వు.

కంగారుపడకు. నీకు గొంతు లేదని ఎవరన్నారు? ఇన్నాళ్ళూ నేను నిన్ను మాట్లాడనివ్వలేదు, అంతే. నాలా చదవాలని చూడకు, వెటకారంగా ఉంటుంది. ఊపిరి అందకపోతే ఆగు. తొందరపడకు. ఏడుపొచ్చేలా చదవద్దు, వాళ్ళకి కావలసిన ఏడుపు వాళ్ళే ఏడుస్తారు. "చెయ్యెత్తింది" అని నేను ఆపాక, తలుపు చప్పుడు పూర్తిగా అవనిచ్చి నువ్వు మొదలుపెట్టు. గొంతు మారిందేమిటని ఎవరైనా అడిగితే, చెల్లెలు అందుకుందని చెప్పు. ఆ తాతగారికి మాత్రం నువ్వే స్వయంగా చెప్పు, నన్నెవరూ ఏమీ అనలేదని.

స్టూడియో ఇంజనీరుతో మాట్లాడాను. అవును, నేనే మాట్లాడాను. అలమరలోంచి యంత్రం తీసి, దుమ్ము తుడిచి, ఫోన్ చేశాను. మొదటిసారి పెట్టేశాడు, నా స్నేహితురాలిలాగే. మళ్ళీ చేశాను. "పెట్టకు, రేవు సినిమా మిగతాది చదవడానికి ఫోన్ చేశాను" అన్నాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత, "నీళ్ళ సీసా ఇక్కడే ఉందమ్మా" అన్నాడు. వచ్చే వారం నిన్ను రమ్మన్నాడు. రికార్డు చేసి, నా ట్రాకుకి అతికించి ఇస్తాడు.

ఫైలు చేసేటప్పుడు మామూలు మాటల ట్రాకు ముందు పెట్టు. తెరవగానే అదే రావాలి, లేకపోతే ఆ పెద్దమనిషి మళ్ళీ దిగివస్తాడు. మనది రెండోది. దాని పక్కన భాష పేరు రాసి వదిలెయ్యకు, "చూపు లేనివారికి వర్ణన" అని పూర్తిగా రాయి. లేదంటే నీలాంటి మొద్దు ఇంకెవరో తప్పుదానికి టిక్కు పెడుతుంది. మీ జాగా సారుకి చెప్పు, ఇప్పుడిది సగం ట్రాకు కాదని.

ఫోను తాతగారి కోడలు చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. ఊరికే కూర్చుంటారు. ఎలా కూర్చుంటారో చెప్పడమే కదా మన పని. ఆఖరి కాగితంలో ఉన్నది ఇక్కడ కూడా రాస్తున్నాను, ఇది బాగా చదవాలి.

"తలుపు తెరిచింది తండ్రే. పక్కకి జరిగాడు. ఆమె లోపలికొచ్చింది. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆమె తాగింది. మూలనున్న గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆయన కుర్చీ లాగి ఆమె వెనకే వేశాడు. తను గడప మీద కూర్చున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని, కుర్చీ వదిలేసి, వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది. ఇద్దరూ నదిని చూస్తున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆమె నవ్వుతోంది. చీకటి పడింది."

ఇది రాసి కలం కింద పెట్టాను. మనిద్దరం ఒక గదిలో కూర్చుని ఏం చేస్తామని అడిగాను కదా నిన్ను. అడగాల్సిన ప్రశ్నేనా అది?

ఆదివారం రా. స్టూడియోకి వెళ్ళే ముందు ఈ కాగితాలు నా ఎదురుగా ఒకసారి చదువు, తప్పులుంటే చేత్తో బల్ల తట్టి చెప్తాను. యంత్రం బల్ల మీద పెట్టి ఉంచుతాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతాను, భయపడకు. అనిపించకపోతే, ఏముంటుంది, ఊరికే కూర్చుందాం.

తలుపు తీసే ఉంటుంది.

అక్క